ఒత్తుల దగ్గర ఆగిపోయిన పిల్ల

నమోదు 112, సోమవారం

ప్రతి ఉపాధ్యాయురాలూ రోజూ "ప్రతిఫలన దినచర్య" రాయాలని బోర్డు ఆజ్ఞ. ఇవాళ పాఠం ఎలా చెప్పానో, ఏ మనోవైజ్ఞానిక సూత్రాన్ని ఎక్కడ వాడానో ఇందులో నమోదు చేయాలి. నూట పదకొండు రాశాను. మధ్యలో అనుమానం వచ్చి ఒకసారి చేపల పులుసు కాచే విధానం రాసి పంపాను. "సంతృప్తికరం" అని జవాబు వచ్చింది. ఇది ఎవరూ చదవరని తేలిపోయింది కాబట్టి ఇక నుంచి నిజం రాస్తాను.

నా పేరు రత్నమాణిక్యం. తేలులంకలో ఐదో తరగతి టీచర్ని. ఊరు నీటి మీద తేలుతుంది కాబట్టి తేలులంక అని బోర్డు పేరు పెట్టింది. తేలు అనే మాటకి ఇంకో అర్థం కూడా ఉందని ఆ కమిటీలో ఒక్కరికీ తట్టలేదు. అందరూ పట్టాలు ఉన్నవాళ్ళే.

పొద్దున్నే బడి కిటికీల మీద ఉప్పు గీకాను. వాననీళ్ళ తొట్టి మట్టం చూశాను. బల్లలు జారిపోకుండా తాళ్ళు బిగించాను. పిల్లలు వచ్చి కూర్చున్నారు. ఒక్కొక్కరి చెవిలో మినపగింజంత పూస. దాని అసలు పేరు "చేదోడు అభ్యసన సహాయకం". పిల్లలు దాన్ని గుసగుస అంటారు. పేరు పెట్టడంలో బోర్డు కన్నా వాళ్ళే నయం.

పిల్లవాడు లెక్క దగ్గర తటపటాయించాడంటే చాలు, ఊపిరి తిప్పుకునేలోపు గుసగుస జవాబు మొదలు అందిస్తుంది. మిగతాది వాడు పూర్తి చేస్తాడు. వెంటనే చెవిలో "భేష్!" అంటుంది. పూస మీద ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. గోడ మీద వాడి చదువు ఎంత ఎక్కిందో చూపే గీత వెంట్రుకవాసి పైకి లేస్తుంది. దీన్ని పుస్తకంలో పునర్బలనం అంటారు. మంచి పని చేసిన వెంటనే మెచ్చుకుంటే ఆ పని మళ్ళీ చేస్తారని దాని భావం. ఇక్కడ మెచ్చుకునేదీ అదే, పని చేసేదీ అదే. పిల్లవాడు మధ్యలో చెవి అద్దెకిస్తాడు.

నా తరగతిలో తప్పు అనేది జరిగి రెండేళ్ళయింది.

ఇవాళ వాడిన మనోవైజ్ఞానిక సూత్రం: నోరు మూసుకోవడం.

నమోదు 115, గురువారం

కొత్త పిల్ల వచ్చింది. పేరు వరహాలు. పదకొండేళ్ళు. ముత్యపుచిప్పల కోసం మునిగేవాళ్ళ తెప్ప గాలివానకి విడిపోతే, తల్లీ కూతుళ్ళు కొట్టుకొచ్చి మన ఊరి అంచుకి చేరారు. తల్లి పేరు గంగరత్నం. మనిషి పొడుగు, మాట అంతకన్నా పొడుగు.

"దీనికి ఒక్కచ్చరం రాదండి టీచరుగారూ. ఆయ్, మా తెప్ప మీద బడేది? లోతుల్లోకి దూకి దూకి ఎడం చెవి పోయింది. కుడి చెవే దిక్కు. డాట్టరుగారు ఇంక నీళ్ళలోకి దిగొద్దన్నారు. దిగితే అదీ పోద్దంట. అందుకే చదువుకోమని తెచ్చాను."

ఉన్న ఒక్క చెవిలో పూస పెడితే నేను చెప్పేది వినపడదు. పూస లేకుండా చేర్చుకోవచ్చా అని అభ్యసన అధికారి తేజోమూర్తి గారిని అడిగాను. బడిలో ఎవరు ఎలా నేర్చుకుంటున్నారో చూడటానికి బోర్డు పంపిన మనిషి ఆయన. నలభై దాటలేదు, జుట్టు అప్పుడే నెరిసింది. ఏ మాటకైనా జవాబు చెప్పే ముందు ఒక్క క్షణం ఆగుతారు. మొదట్లో వినయం అనుకున్నాను. తర్వాత చూస్తే ఆయన చెవిలోనూ పూస ఉంది. అధికారుల రకం, ఊదారంగు.

"చేదోడు లేకపోతే ఆమె గీత ఎవరు గీస్తారు మేడమ్?"

"నేను గీస్తాను సార్. చేతులున్నాయి."

ఒక క్షణం ఆగి, "తాత్కాలిక ప్రాతిపదికన," అన్నారు.

తరగతిలో నాలుగు బుట్టలు, బుట్టకి తొమ్మిదేసి చేపలు, మొత్తం ఎన్ని అని వరహాలుని అడిగాను. "నలబై!" అంది గట్టిగా. తరగతి మొత్తం వెనక్కి తిరిగింది. పిల్ల వేళ్ళు ముడుచుకుని లెక్కపెట్టుకుంది. "కాదు కాదు. నలబై కాదు. ముప్పయ్యారు," అంది, ఏమీ జరగనట్టు. మిగతా పిల్లలు ఆమెని నీళ్ళ మీద నడిచిన మనిషిని చూసినట్టు చూశారు.

నమోదు 124, శనివారం

వరహాలు అక్షరాలు చకచకా పట్టేసింది. గుణింతాలు నోట్లో తిరుగుతున్నాయి. నేను బొగ్గుతో గోడ మీద గీసిన గీత నిచ్చెనలా లేచింది. తేజోమూర్తి గారు వచ్చి చూసి, "సంసిద్ధత గల అభ్యాసకురాలు," అన్నారు. నేర్చుకోవాలని ఉన్నవాళ్ళు తొందరగా నేర్చుకుంటారని ఆయన కనిపెట్టారన్నమాట.

నమోదు 130, సోమవారం

ఒత్తులు వచ్చాయి. వరహాలు ఆగిపోయింది.

చక్కెర అని రాసిస్తే "చకెర" అంటుంది. పుస్తకం "పుసకం". రేపు చెప్తుందిలే అనుకుంటే రేపూ అదే, ఎల్లుండీ అదే. తప్పు చదివానని తనకే తెలుస్తుంది, పళ్ళు నూరుకుంటుంది, మళ్ళీ మొదటి నుంచి చదువుతుంది, మళ్ళీ అక్కడే పడుతుంది.

"ఈ కింద ఏలాడేవి ఎందుకండీ? పైన జాగా లేదా?" అని అడిగింది.

ముప్ఫై ఏళ్ళుగా ఒత్తులు నేర్పుతున్నాను. ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నాకూ ఎప్పుడూ తోచలేదు.

బొగ్గు గీత సాపుగా, నేల చదును చేసినట్టు పోతోంది.

నమోదు 136, మంగళవారం

ఇవాళ గుసగుస ఆగిపోయింది. ఊరి మధ్య స్తంభం ఉంది, అక్కడి నుంచే అందరి చెవులకీ మాట వస్తుంది. స్తంభం పైన ఉప్పు పేరుకుని సంకేతం తెగిందట. కాసేపే.

నేను నల్లబల్ల మీద భాగహారం వేశాను. నిన్న అందరూ చేసిన లెక్కే. పిల్లలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అల్లరి లేదు, గోల లేదు. ముందు వరసలో తేజోమూర్తి గారి అబ్బాయి శ్రీవత్స ఉన్నాడు. వాడి గీత గోడ పైకప్పుకి తగిలితే, దూలం మీదకి పొడిగించి గీశారు. అంత గొప్ప విద్యార్థి.

"ఏరా, మొదలుపెట్టు," అన్నాను.

"ఇంకా రాలేదు టీచర్."

"ఏం రాలేదు?"

"జవాబు."

"నిన్న చేశావు కదరా ఇదే లెక్క!"

వాడు నన్ను జాలిగా చూశాడు. "నిన్న వచ్చింది," అన్నాడు.

వెనక బల్ల మీద ఒక అమ్మాయి చప్పుడు చేయకుండా ఏడవడం మొదలుపెట్టింది. ఏమైందని అడిగితే, లోపల ఎవరూ లేరు అంది. వరహాలు ఒక్కతే బొగ్గు తీసుకుని లెక్క చేసింది. తప్పు చేసింది. చెరిపి మళ్ళీ చేసింది. అదీ తప్పే. పిల్లలు ఆమె వంక చూడలేదు, తలుపు వంక చూస్తూ కూర్చున్నారు, ఎవరో రావాల్సి ఉన్నట్టు.

దీనికీ పుస్తకంలో పేరుంది. అభ్యసిత నిస్సహాయత. అంటే చేతకానితనాన్ని కూడా నేర్చుకోవచ్చునని. పరీక్షలో ఇది రెండు మార్కుల ప్రశ్న. మేం దీన్ని ఏళ్ళ తరబడి శ్రద్ధగా నేర్పించాం, అందరూ ప్రథమ శ్రేణిలో వచ్చారు.

నమోదు 137, బుధవారం

తేజోమూర్తి గారి గదికి వెళ్ళాను.

"నిన్న పిల్లల్ని చూస్తే భయమేసింది సార్."

"స్తంభం బాగుచేయించాను మేడమ్. ఇక ఆగదు."

"ఆగడం గురించి కాదు నేను చెప్పేది. ఆగితే వాళ్ళు ఏమైపోతున్నారో చెబుతున్నాను. రోజూ ఒక గంట మనమే ఆపుదాం."

ఆయన ఒక క్షణం ఆగారు. "అభ్యాసకుడికి ఆసరా ఇవ్వడం ఉపాధ్యాయుడి ధర్మం అని పుస్తకం చెబుతోంది."

"అదే పేజీలో కింద, ఆసరాని మెల్లమెల్లగా తీసేయాలని కూడా ఉంది. నడక నేర్పాక చెయ్యి వదలకపోతే అది నడక కాదు."

"ఆ పేరా పోయిన కూర్పులో తొలగించాం."

"ఎందుకు?"

"దాన్ని పాటించిన చోట గీతలు కిందికి దిగాయి."

ఈత నేర్చుకునేటప్పుడు కాసిని నీళ్ళు మింగారని ఈతే మానిపించేవాళ్ళని ఏమనాలి? ఆయనే మళ్ళీ మొదలుపెట్టారు. వరహాలు గీత సంగతి. వారం రోజులు గీత కదలకపోతే అది స్థిరరేఖ. స్థిరరేఖ ఉన్న పిల్లల్ని బడి నుంచి తీసి తాళ్ళ తెప్పకి పంపాలి. ఊరి చివర, నాచు నారతో తాళ్ళు పేనే చోటు.

"సార్, దాన్ని అభ్యసన పీఠభూమి అంటారు," అన్నాను. "పైకి ఏమీ జరగనట్టు ఉంటుంది. లోపల పాత చదువు సర్దుకుంటూ ఉంటుంది. ప్రతి మనిషికీ వస్తుంది. నా ఉద్యోగం పరీక్షలో మీ బోర్డే అడిగింది, నిర్వచించి ఉదాహరణ రాయమని. ఉదాహరణ నా తరగతిలో కూర్చుని ఉంది. వచ్చి చూడండి."

"ఆ పదం ఇప్పుడు పాఠ్యాంశంలో లేదు మేడమ్." తర్వాత పూస ఉన్న చెవిని చేత్తో మూసుకుని, గొంతు తగ్గించి, ఆగకుండా అన్నారు. "నా గీత కూడా ఎవరో చూస్తుంటారు. నాకూ ఒక అబ్బాయి ఉన్నాడు."

అది ఆయన సొంత మాట. ఆ ఒక్క మాటకి నాకు కోపం చల్లారబోయింది. వెంటనే చెయ్యి తీసేసి, తొలగింపు పత్రం నా ముందుకి జరిపారు. నేను సంతకం పెట్టలేదు. ఆయనే పెట్టుకున్నారు.

నమోదు 140, సోమవారం

వరహాలుని తాళ్ళ తెప్పకి పంపేశారు. గంగరత్నం బడికి వచ్చింది. పిల్లలందరి ముందు తిట్టింది.

"చదువు రాదని చెప్పే కదండీ తెచ్చాను? వచ్చేదైతే బడెందుకు? ఒంట్లో బాగోలేనోళ్ళు ఆసుపత్రికి ఎల్తారు, బాగున్నోళ్ళనే ఉంచుకుంటాం అంటే అదేం ఆసుపత్రండీ?"

"నేను సంతకం పెట్టలేదు గంగరత్నం."

"ఆయ్. పెట్టలేదు. మా పిల్ల ఎళ్ళిపోయింది. ఏంటండీ తేడా?"

బోర్డు నా కోసం ఇన్ని శిక్షణా తరగతులు పెట్టింది. ఏ తరగతిలోనూ నన్ను ఇంత సూటిగా ఎవరూ ప్రశ్నించలేదు. కిటికీ మీద ఉప్పు గీకుతూ నిలబడ్డాను.

నమోదు 145, ఆదివారం

సెలవు రోజున పడవేసుకుని తాళ్ళ తెప్పకి వెళ్ళాను. బడి పనికిరాదన్న పిల్లలు పదిమంది దాకా ఉన్నారు అక్కడ. ఎండలో కూర్చుని నార పేనుతూ, ఒకరినొకరు వెక్కిరించుకుంటూ. ఒకడు తప్పు పేనితే పక్కవాడు నెత్తిమీద మొట్టి విప్పిస్తున్నాడు. నా తరగతిలో కన్నా గోల ఎక్కువ.

వరహాలుకి చెక్కల మీద బొగ్గుతో మాటలు రాసి చూపించాను. పుస్తకం. కష్టం. అద్దం.

"పుసకం. కషం. అదం," అంది.

కోపం వచ్చింది నాకు. ఆమె మీద కాదని చెప్పుకోవాలి గానీ, కాస్త ఆమె మీద కూడా. పీఠభూమి అని అధికారి ముందు అంత గట్టిగా వాదించాను. ఒకవేళ ఇది పీఠభూమి కాక ఉత్త గోడ అయితే? బోర్డు చెప్పిందే నిజమైతే? వాళ్ళని ఇన్నాళ్ళు వెటకారం చేశాను. వాళ్ళే గెలిస్తే ఆ వెటకారం ఎక్కడ దాచుకోను?

"మళ్ళీ ఆదివారం వత్తారా?" అని అడిగింది పిల్ల.

వస్తానన్నాను.

నమోదు 149, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇవాళ ఐదో తరగతికి పడవ పరీక్ష. ప్రతి పిల్లా ఒక చిన్న పడవలో ఒంటరిగా, హద్దు గుర్తుగా నీళ్ళలో తేలే ఎర్ర బోయా దాకా తెడ్డు వేసుకుంటూ వెళ్ళి తిరిగి రావాలి. నీటి మీద బతికేవాళ్ళకి ఇది కనీసపు విద్య. పన్నెండు పడవలు దించాం. ఆకాశం తేటగా ఉంది. గాలి లేదు. పెద్ద పడవలన్నీ నాచు కోతకి వెళ్ళిపోయాయి. నేను వెనక నా పడవలో ఉన్నాను. తేజోమూర్తి గారు స్తంభం కింద గదిలో తెర ముందు కూర్చున్నారు.

పడవలు చక్కగా వెళ్ళాయి. పన్నెండు జతల తెడ్లు ఒకేసారి లేచి ఒకేసారి పడుతున్నాయి. గట్టు మీద తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. ఎర్ర బోయా చేరకముందే తెడ్లన్నీ ఒక్కసారి ఆగాయి.

సంకేతం తెగిపోయింది.

పిల్లలు తెడ్లు గాల్లో పట్టుకుని, వీపు నిటారుగా పెట్టి, కూర్చున్నారు. ఎవరూ అరవలేదు. అప్పటికి ఆటు మొదలైంది. నీళ్ళు మెల్లగా సముద్రం వైపు లాగుతున్నాయి. పన్నెండు పడవలు ఆ నీళ్ళతో పాటు కదిలిపోతున్నాయి, వాటిలో పిల్లలు బొమ్మల్లా.

దగ్గర పడవ పక్కకి చేరి, "ఎడమ తెడ్డు లాగు! లాగు!" అని అరిచాను. ఆ పిల్లవాడు లాగాడు. పడవ తిరిగింది. ఇంకో పిల్ల దగ్గరికి పోయి అలాగే అరిచాను. వెనక్కి తిరిగి చూస్తే మొదటివాడు మళ్ళీ ఆగిపోయాడు. నా మాట అందినంత సేపే వాడు మనిషి. నేనే ఒక గుసగుసనయ్యాను. రెండు పడవల్ని నా పడవకి కట్టుకున్నాను. మూడోది కడితే నాది కదలదు. మిగతావి నా కళ్ళ ముందే దూరమవుతున్నాయి. ఆ క్షణంలో నాకు ఏ సూత్రమూ గుర్తు రాలేదు. పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చాను.

ఆటు తాళ్ళ తెప్ప పక్క నుంచే పోతుంది. ఆ పిల్లలు పని వదిలేసి అంచుకి వచ్చారు. తేలుడు బెండ్లు కట్టిన తాళ్ళు విసిరారు. ఒక తాడు సరిగ్గా శ్రీవత్స పడవలో, వాడి మోకాళ్ళ మీద పడింది. వాడు దాన్ని చూశాడు. పట్టుకోలేదు. పట్టుకోమని ఎవరూ చెప్పలేదు కదా. తాడు జారి నీళ్ళలో పడిపోయింది.

"పట్టుకోరా సచ్చినోడా!" అని వరహాలు అరిచిన అరుపు నాకు వినబడింది. ఆ తర్వాత ఆమె దూకేసింది.

మిగతావాళ్ళూ దూకారు. ఒక్కొక్క పడవకీ ఈది చేరి, ముక్కుకి తాడు ముడేశారు. తెప్ప మీద ఉన్నవాళ్ళు లాగారు. ముళ్ళు కొన్ని ఊడిపోయాయి, మళ్ళీ వేశారు. ఒక పడవ తిరగబడింది, అందులో పిల్లని జుట్టు పట్టుకుని తేల్చారు. తొమ్మిది పడవలు చేరాయి. నాతో రెండు. శ్రీవత్స పడవ మాత్రం తెప్ప దాటి పోయింది.

వరహాలు దాని వెంట ఈదింది. తాడు అంత దూరం రాదు. నేను నా రెండు పడవల్నీ తెప్పకి అప్పగించి వాళ్ళ వైపు తెడ్డేశాను. చేరేసరికి ఆమె శ్రీవత్స పడవలోకి ఎక్కి, అడుగున వెల్లకిలా పడి రొప్పుతోంది. కుడి చెవి నుంచి నెత్తురు కారుతోంది. అరచేతులు తాడు ఒరిపిడికి చీరుకుపోయాయి.

"నా సేతులు పన్జెయ్యవు. నువ్వు లాగు," అంటోంది.

"ఎటు?" అన్నాడు వాడు.

"నాకేం తెల్సు? లాగు, తెలుత్తది."

"తప్పయితే?"

"తప్పయితే ఇంకో పక్కకి లాగు! ఎహె, లాగవా!"

వాడు కుడి తెడ్డు లాగాడు. పడవ సముద్రం వైపు తిరిగింది. వాడి ముఖం పాలిపోయింది. చెవిలో ఎవరూ ఏమీ అనలేదు. ఆకాశం విరిగి మీద పడలేదు. ఎడమది లాగాడు. పడవ గుండ్రంగా తిరిగింది. మళ్ళీ కుడిది, కాస్త మెల్లగా. నేను పక్కనే ఉన్నాను. తాడు విసిరి కట్టేసుకోవచ్చు. నోరు తెరవలేదు, తాడు తీయలేదు, వాళ్ళ వెనకే నీళ్ళకి అడ్డంగా నా పడవ పెట్టుకుని ఉన్నాను. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో అంత కష్టమైన పని చేయలేదు.

పడవ వంకర టింకరగా, తాగినవాడిలా, తెప్ప వైపు నడిచింది. ఆనుకోగానే శ్రీవత్స వాంతి చేసుకున్నాడు. తర్వాత ఏడ్చాడు. ఏడుస్తూనే నా వైపు చూసి, "టీచర్, నేనే లాగాను," అన్నాడు.

పిల్లల్ని ఊరికి చేర్చేసరికి గట్టు మీద తేజోమూర్తి గారు నిలబడి ఉన్నారు. తెర గదిలోంచి పరుగెత్తుకొచ్చారట. సంకేతం తెగింది కాబట్టి ఆయన పూస కూడా మూగదే. కొడుకుని చూసి నోరు తెరిచారు, మూశారు. ఏం అనాలో ఆయనకి ఎవరూ చెప్పలేదు. చివరికి వాడిని గట్టిగా పట్టుకున్నారు. అది మాత్రం అడక్కుండానే వచ్చింది.

నమోదు 152, సోమవారం

వరహాలు ఆసుపత్రిలో ఉంది. కుడి చెవికి చీము పట్టింది. వినికిడి కొంతైనా మిగులుతుందో లేదో వాపు తగ్గితే గానీ చెప్పలేమన్నారు డాక్టరు. గంగరత్నం మంచం పక్కన కూర్చుని ఉంది. నేను వెళ్తే తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పక్కకి జరిగి చోటిచ్చింది. అదే ఎక్కువ బాధపెట్టింది.

నమోదు 155, గురువారం

ఊరి సభ జరిగింది. బోర్డు నుంచి ముగ్గురు వచ్చారు. జరిగిన దానికి కారణం సంకేత లోపమని, విద్యార్థులు క్రమశిక్షణతో కదలకుండా కూర్చోవడం వల్లే ప్రాణనష్టం తప్పిందని నివేదిక చదివారు. నేను లేచి, వాళ్ళు క్రమశిక్షణతో మునిగిపోబోయారని చెప్పాను. నా మాట నమోదు చేసుకుంటున్నామన్నారు. నమోదుల సంగతి నాకు తెలుసు.

పరిష్కారం: రెండో స్తంభం. ఒకటి ఆగితే ఇంకోటి పనిచేస్తుంది. తల్లిదండ్రుల అభిప్రాయం అడిగారు. నేను వాళ్ళని నమ్మాను. పిల్లలు తెడ్లు గాల్లో పట్టుకుని కూర్చోవడం కళ్ళారా చూసినవాళ్ళు కదా.

అందరూ చేతులెత్తారు. రెండు చేతులూ ఎత్తినవాళ్ళున్నారు.

ఎవరిని తిట్టను? భయపడినవాడు కర్ర వదలడు, ఇంకో కర్ర అడుగుతాడు. అది కూడా పుస్తకంలో ఏదో ఒక పేజీలో ఉండే ఉంటుంది, తొలగించి ఉండకపోతే.

వరహాలుకి "సాహస బాలికా పునర్బలన పతకం" ప్రకటించారు. ఆసుపత్రిలో మెడలో వేస్తే, బరువుగా ఉందని తీసి తల్లికిచ్చింది. గంగరత్నం దాన్ని చూసి, "ఇది కాదండి. పిల్లని బళ్ళో ఎట్టుకోండి," అంది. బోర్డువాళ్ళు ముగ్గురూ ఒక్క క్షణం ఆగారు. చెవుల్లో ఏం వినిపించిందో, సరేనన్నారు.

సభ అయ్యాక తేజోమూర్తి గారు నా దగ్గరికి వచ్చారు. ఊదా పూస చేతిలో ఉంది, చెవిలో లేదు.

"మా వాడు పూస తీసేశాడు మేడమ్. పెట్టుకోనంటున్నాడు. వాడి గీత ఎలా..." ఆగిపోయారు. ఈసారి ఆయన వెతుక్కుంటున్నది తన మాటల కోసమే. "మీరు ఒక గంట అడిగారు. రోజుకి ఒక గంట ఆపితే, స్తంభానికి విశ్రాంతి అని రాస్తాను. యంత్రాలకి విశ్రాంతి ఇవ్వడానికి నిబంధన ఉంది."

పిల్లలకి లేని నిబంధన. తీసుకున్నాను.

నమోదు 163, శుక్రవారం

విశ్రాంతి గంట మొదలై వారమైంది. మొదటి రోజు పిల్లలు తలుపు వంక చూస్తూ కూర్చున్నారు. రెండో రోజూ అంతే. మూడో రోజు ఒకడికి విసుగొచ్చి పక్కవాడిని గిల్లాడు. నాకు పండగలా అనిపించింది.

ఇవాళ వరహాలు బడికి వచ్చింది. కుడి చెవికి కట్టు. వినికిడి సగం దాకా ఉందని, మెల్లగా ఇంకొంచెం రావచ్చని చెప్పారు. ముందు వరసలో కూర్చోబెట్టాను. నేను చెప్పేది అందక నా పెదాల వంక చూసింది, విసుగొచ్చి గోడ వంక చూసింది. గోడ మీద రెండో స్తంభం గురించి బోర్డువారి ఉత్తర్వు అంటించి ఉంది. లేచి దాని ముందు నిలబడింది. వేలు పెట్టి, తనకి తను వినపడేలా, గొంతెత్తి చదవడం మొదలుపెట్టింది.

"అభ్యసన... సంకేత... స్తంభ... ద్వితీయీకరణ... నిమిత్తం..."

నా చేతిలో బొగ్గు కింద పడింది.

"అభ్యాసకుల... నిరంతర... ప్రత్యుత్పన్న... మార్గదర్శకత్వ... వ్యవస్థాపనకై..."

ఒక్కో ఒత్తు దగ్గర ఆగింది, ఊపిరి తీసుకుంది, దాటింది. ఎప్పుడు వచ్చిందో తనకీ తెలీదు, నాకూ తెలీదు. తాళ్ళు పేనుతున్నప్పుడా, ఆసుపత్రి మంచం మీదా? చివరి దాకా చదివి, నా వైపు తిరిగింది. ముఖం చిన్నబోయి ఉంది.

"సదివేశానండి. కానీ ఒక్క ముక్క అర్తం కాలేదు. నాకింకా సదవడం రాలేదేమోనండి."

దగ్గరికి వెళ్ళి, ఎదురుగా నిలబడి, పెదాలు కనపడేలా చెప్పాను. "వచ్చేసిందమ్మా. నాకూ అర్థం కాలేదు."

శ్రీవత్స చెయ్యెత్తాడు. "టీచర్, ద్వితీయీకరణ అంటే ఏంటి?"

తరగతి నా వైపు చూసింది. విశ్రాంతి గంట నడుస్తోంది. ఎవరి చెవిలోనూ ఎవరూ లేరు. చెప్పేద్దామని నాలుక చివరి దాకా వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మీరే చెప్పండి, ఏమై ఉంటుందో."

కొందరు తలుపు వంక చూశారు. తర్వాత, ఆ రోజు లోపల ఎవరూ లేరని ఏడ్చిన అమ్మాయి, తలొంచుకుని, "చేప పేరా?" అంది.

ఎవరో నవ్వారు. ఇంకొకడు, కాదు, ఏదో రోగం అన్నాడు. విదియ నాడు చేసే పూజ అని ఒకడు. స్తంభానికి పెళ్ళి చేయడం అని శ్రీవత్స. అలా కాదెహె అని వరహాలు, తనకి సగమే వినపడినా.

అన్నీ తప్పులే. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.